జెండా కింద ఏడు నిమిషాలు

ప్యొన్ ఓక్జుకి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది ఆట చూసి కాదు, అంచు కుట్టు చూసి. సియోల్ నుంచి లోకల్ రైలెక్కితే నలభై నిమిషాల్లో వచ్చే సోహ్యొన్ ఊళ్ళో, బజారు వీధిలోని కర్టెన్ల కొట్టు వెనక గదిలో ఆమె పదేళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చుంటోంది. ఒక వసంతకాలం ఊరి క్లబ్బు అభిమానులు నలుగురు వచ్చి, ఇరవై మీటర్ల ఆకుపచ్చ గుడ్డ మీద తెల్లని అక్షరాలు కుట్టిపెట్టమన్నారు. కర్టెన్లు తప్ప మరోటి ఎరగని కొట్టు యజమాని ఆ పని తీసుకెళ్ళి ఓక్జు నెత్తిన పడేశాడు. ఆమె కుట్టి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుని ఉంటే ఆమె బతుకు మరోలా ఉండేది.

ఊరుకోలేదు. తను కుట్టింది ఎలా వేలాడుతుందో చూద్దామని ఆదివారం స్టేడియానికి వెళ్ళింది. గుడ్డ మధ్యలో జోలెలా సాగిపోయి ఉంది. ఆమె ప్రాణం ఒప్పలేదు. మరుసటి వారం సూదీ దారం సంచిలో వేసుకుని వెళ్ళి సరిచేసింది. ఆ మరుసటి వారం గాలికి మూల చిరిగింది. దాన్ని అతికేసరికి ఇంకో మూల పోయింది. ఇలా గుడ్డ బాగుచేస్తూ రెండు సీజన్లు గడిపేసరికి, ఎవడు గోలు దగ్గర తడబడతాడో, ఎవడు దెబ్బ తగలకుండానే కింద పడతాడో, ఆమెకి కొట్టుకొచ్చే బేరాలకన్నా బాగా తెలిసిపోయింది.

ఆ జట్టుని ఊరంతా నీటికాకులు అనేవారు. సోహ్యొన్ కాలవ గట్టున రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చునే పక్షుల పేరే జట్టుకీ పెట్టారు. ఆ పక్షులకి మునగడమూ వచ్చు, తేలడమూ వచ్చు. జట్టుకి మొదటిదే బాగా వచ్చు. ఎంత మంచి ఎండ కాసినా మూడువేలమంది దాటేవారు కాదు. గోలు వెనక స్టాండులో మాత్రం వానొచ్చినా మంచొచ్చినా ఆ రెండువందల మందీ ఉండేవారు. వాళ్ళ మధ్యలో పెద్ద డోలు. డోలు కొట్టేవాడు చె దల్సు, చలికాలం ఇళ్ళు వెచ్చబెట్టే బాయిలర్లు బాగుచేసే మనిషి. పక్కనే కంచు తాళం పట్టుకుని వాడి తమ్ముడు మన్సు. అన్న ఎంత నెమ్మదస్తుడో తమ్ముడు అంత దుడుకు. అన్న డోలు మీద చెయ్యి వేసేలోపే తమ్ముడు రిఫరీ అమ్మానాన్నల్ని పలకరించేసేవాడు. ఇద్దరూ ఒకే చాపమీద పడుకుని, ఒకే వ్యానులో పనికెళ్ళే మనుషులు. మొదటిరోజు నుంచీ ఇద్దరూ ఓక్జుని "అక్కా" అనే పిలిచారు. తోడబుట్టినవాళ్ళు లేని ఓక్జుకి ఆ పిలుపు బాగా తగిలింది.

బ్యానరు చూసుకునేవాళ్ళు స్టాండు అడుగున కమ్మీ దగ్గర నిలబడాలి. మొహం జనం వైపు, వీపు మైదానం వైపు. ముడులు జారకుండా, గుడ్డ మెలిక పడకుండా కనిపెట్టుకుని ఉండటమే పని. అందుకే ఓక్జు తన జట్టు వేసిన గోల్స్‌లో సగం కూడా చూడలేదు. దల్సు మొహం చూసేది. గోలు పడిందా, తప్పిందా, పడబోయి తప్పిందా, అన్నీ ఆ మొహంలోనే తెలిసేవి.

"ఏంటక్కా, టిక్కెట్టు కొనుక్కుని వచ్చి నా మొహం చూస్తావు?" అనేవాడు దల్సు.

"ఏం చేయను, ఆట నీ మొహంకన్నా దరిద్రంగా ఉంది."

"ఆ మాట మాత్రం నిజం!" అని మన్సు తాళం ఒకటి వేసేవాడు.

ఆమె భర్త సోక్బే సిటీ బస్సు నడిపేవాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే భార్య ఆదివారం పూట పచ్చ కండువా వేసుకుని బయల్దేరుతుంటే, ఎవరికైనా కనిపిస్తుందేమోనని కిటికీ తెర వేసేసేవాడు. "నలభయ్యో పడిలో పడబోతూ ఈ వేషాలేంటి" అని సణిగేవాడు. ఆ తెర కూడా ఓక్జు కుట్టిందే.

రెండువేల రెండు వేసవిలో లోకం తలకిందులైంది. ప్రపంచ కప్పు సొంత దేశంలోనే. జనం లక్షల్లో ఎర్ర చొక్కాలు తొడుక్కుని రోడ్లెక్కారు. అంత జనానికి ఎప్పుడు అరవాలో, ఎప్పుడు ఆగాలో, గుడ్డ ఎలా కట్టాలో తెలిసినవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? ఇదిగో, ఇలాంటి చిన్న చిన్న క్లబ్బుల వెనక వానలో నిలబడే వెర్రివాళ్ళలోంచే వచ్చారు. స్టాండు మొత్తం కప్పే దేశం జెండా ఒకటి ఉంది, అరవై మీటర్లది. దాని కుట్లు వదులయ్యాయని కబురొస్తే దల్సే ఓక్జు పేరు చెప్పాడు.

"అక్కా, దేశం పిలుస్తోంది. సూది తెచ్చుకో," అన్నాడు.

ఒక బడి వ్యాయామశాల నేలమీద ఆ జెండా పరిచి ఇచ్చారు. ఓక్జు నాలుగు రోజులు మోకాళ్ళమీద పాకుతూ, ప్రతి అతుకునీ రెండుసార్లు కుట్టి, జనం పట్టుకోవడానికి అంచుల వెంట చేతిపట్టీలు వేసింది. మ్యాచ్ రోజున జాతీయగీతం మొదలవగానే ఆ జెండా కింది కమ్మీ దగ్గర నుంచి జనం చేతులమీదుగా పైమెట్టు దాకా పాకింది. గీతం అయిపోగానే ఓక్జు మూడుసార్లు విజిల్ ఊదింది. పైవాళ్ళు వదిలారు, కిందివాళ్ళు తాళ్ళు లాగారు, జెండా నీళ్ళలా జారి కిందికొచ్చింది. ఆ రోజునుంచి ఆ విజిల్ ఆమెదే అయింది.

ఆ సాయంత్రం సోక్బే బస్సు డిపోలో అందరికీ చెప్పాడట, "టీవీలో చూశారా, అది మా ఆవిడ కుట్టిందే" అని. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆమె చేసిన పని గురించి అతను బయట చెప్పుకోవడం అదే మొదలు. ఓక్జు పైకి నవ్వేసింది గానీ, లోపల ఎక్కడో అది గట్టిగానే ఎక్కింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జరిగినదానికి దేశభక్తి ఎంత కారణమో, ఈ ఎక్కిన ముచ్చట కూడా అంతే కారణం.

వేసవి అయిపోయింది. ఎర్ర చొక్కాలు బీరువాల్లోకి పోయాయి. రోడ్లమీద ఏడ్చి, కౌగిలించుకుని, గొంతులు పోగొట్టుకున్న ఆ లక్షలమందిలో ఒక్కడూ ఆదివారం సోహ్యొన్ స్టేడియం గడప తొక్కలేదు. మళ్ళీ ఆ మూడువేలే, మళ్ళీ ఆ రెండువందలే.

"నాలుగేళ్ళకోసారి వచ్చే చుట్టాలక్కా వీళ్ళు," అనేవాడు దల్సు, మ్యాచ్ అయ్యాక చేపముద్దల పులుసు బండి దగ్గర నిలబడి. "పెళ్ళిభోజనానికి అందరూ వస్తారు. మర్నాడు అంట్లు తోమడానికి ఎవడైనా వస్తాడా?"

"అక్కని అనకన్నయ్యా, అక్కవి రెండు కాపురాలు," అనేవాడు మన్సు. "ఆదివారం పచ్చ మొగుడు, పండక్కి ఎర్ర మొగుడు."

"రెండిళ్ళలోనూ వంట నాదేగా, నీకెక్కడరా నొప్పి?" అనేది ఓక్జు, వాడి పుల్లకున్న చేపముద్ద లాక్కుని తినేస్తూ.

నవ్వుకునేవాళ్ళు. కానీ ఆ నవ్వు కింద ఇసుక ఉండేది. ఒక ఏడాది నీటికాకుల ముందువరస ఆటగాణ్ణి దేశం జట్టు శిబిరానికి పిలిపించుకుని, మోకాలు పోగొట్టి పంపారు. ఆ సీజన్ అంతా జట్టు మునిగే ఉంది. అప్పటినుంచీ అన్నదమ్ములిద్దరూ దేశం మ్యాచ్‌లకి వెళ్ళడం మానేశారు. ఓక్జు మానలేదు. రెండూ నావే, ఒకటి కావాలంటే ఒకటి వదలాలా అనుకునేది. అలా అనుకునే అవకాశం మరో రెండేళ్ళు దొరికింది.

తరవాతి ప్రపంచ కప్పు ఏడాది, చలి ఇంకా పోని రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఓక్జు కొట్టులో నూడుల్సు తింటోంది. టీవీలో వార్త అడుగున ఒక వరస పాకుతూ వచ్చింది. సోహ్యొన్ క్లబ్బుని దానికి సొంతదారైన కంపెనీ దక్షిణాన మరో ఊరికి తరలిస్తోందట. అక్కడ ప్రపంచ కప్పుకి కట్టిన కొత్త స్టేడియం ఖాళీగా ఉందట. ఇక్కడివాళ్ళకి ముందుగా ఒక ముక్క చెప్పినవాడు లేడు. ఇల్లు మారేవాడైనా పక్కింటివాళ్ళతో ఓ మాట చెప్పి పోతాడు. పదేళ్ళు అరిచిన ఆ రెండువందలమందికి ఆ పాకే అక్షరాలే వీడ్కోలు. వాళ్ళు నిప్పులో పడ్డట్టు విలవిల్లాడారు. కంపెనీ గుమ్మం ముందు కూర్చున్నారు, సంతకాలు పట్టుకెళ్ళి ఇచ్చారు. ఎవరూ పట్టించుకోలేదు. పేపర్లలో ఆ నెలంతా దేశం జట్టు గురించే.

మార్చి మొదటివారంలో లీగు పెద్దలు కూర్చుని ఆ తరలింపుకి సరే అనాలి. దానికి మూడురోజుల ముందు సియోల్‌లో దేశం జట్టు స్నేహపూర్వక మ్యాచ్. దల్సు, మన్సు కర్టెన్ల కొట్టుకి వచ్చారు. మన్సు చేతిలో నల్లగుడ్డ తాను ఉంది.

"అక్కా, నీ సాయం కావాలి," అన్నాడు దల్సు. "ఆ రోజు దేశమంతా టీవీ ముందు ఉంటుంది. మేం రెండువందల మందిమీ టిక్కెట్లు తీసుకుని ఎర్ర స్టాండు మధ్యలో నిలబడతాం. ఈ గుడ్డ ముక్కలుగా కోటుల్లో పెట్టుకొస్తాం."

"ముక్కలెందుకు?"

"మొత్తం తెస్తే గేటు దగ్గరే లాక్కుంటారు. గీతం అప్పుడు నీ జెండా మా తలమీద ఉంటుంది కదా? ఆ రెండు నిమిషాల్లో దానికింద ముక్కలు కలిపేస్తాం. నువ్వు విజిల్ ఊదుతావు, జెండా జారుతుంది, జారేసరికి మా గుడ్డ లేచి ఉంటుంది. జెండా దిగేటప్పుడు కెమెరా ఎప్పుడూ ఆ స్టాండు మీదే ఉంటుందని నువ్వే చెప్పావుగా."

"ఏం రాయమంటారు?"

"సోహ్యొన్ ఇక్కడే ఉంది. అంతే. తిట్లు వద్దు."

"నాకైతే రెండు తిట్లు ఉంటే బాగుండేది," అన్నాడు మన్సు.

ఓక్జు ఆ రెండురోజులూ వేరే పని ముట్టలేదు. నల్లగుడ్డని పదహారు ముక్కలు చేసి, చీకట్లో తడిమి కలపడానికి వీలుగా అంచులకి చప్పుమని అతుక్కునే పట్టీలు కుట్టింది. అక్షరాలు తెల్లవి. బతుకులో అంత శ్రద్ధగా మరేదీ కుట్టలేదు. చివరి ముక్క అందుకుంటూ దల్సు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"గీతం అయిపోయిన వెంటనే ఊదాలక్కా. ఆలస్యం అయితే గార్డులు వచ్చేస్తారు."

"నాకు విజిల్ ఊదడం నువ్వు నేర్పకు," అంది ఓక్జు.

ఆ రోజు స్టేడియంలో అరవైవేలమంది. ఓక్జు ఎర్ర చొక్కా తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని కమ్మీ దగ్గర నిలబడింది. స్టాండు మధ్యలో సోహ్యొన్‌వాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. అంత ఎరుపులో వాళ్ళే ముదురు కోటులు వేసుకున్నారు. మన్సు ఆమెని చూసి కన్ను గీటాడు. గీతం మొదలైంది. జెండా పాకింది. మన్సు మీదుగా, దల్సు మీదుగా పైమెట్టు దాకా పాకి నిలబడింది. గీతం అయిపోయింది. ఓక్జు విజిల్ పళ్ళమధ్య పెట్టుకుంది.

అప్పుడు రెండు జరిగాయి. మొదటిది, జెండా కిందనుంచి పాట వచ్చింది. మౌనంగా ఉండాలన్నది వాళ్ళ మాట. ఆపుకోలేకపోయారో ఏమో, రెండువందల గొంతులు నీటికాకుల పాట ఎత్తుకున్నాయి. చుట్టూ ఉన్న ఎర్ర చొక్కాలు ఊరుకోలేదు. "ఎవర్రా వాళ్ళు? దేశం ఆడుతుంటే ఊరి గోల ఏంటి? సిగ్గులేదూ?" అని ఒక పెద్దాయన అరిచాడు. పక్కవాళ్ళు ఈలలు వేశారు. రెండోది, ఓక్జు తల తిప్పేసరికి ఎదురుగా పెద్ద తెరమీద జెండా కనిపించింది. ఒక్క ముడత లేదు. నడుమ ఎరుపూ నీలమూ కలిసిన గుండ్రం, చుట్టూ తన కుట్లు. అరవైవేలమంది చప్పట్లు కొడుతున్నారు. ఇప్పుడు తను విజిల్ ఊదితే ఆ తెరమీద దీని బదులు ఒక నల్లగుడ్డ, దాని కింద కోపంతో మొహాలు కందిపోయిన బాయిలర్లవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, బడిమాస్టర్లు, తనవాళ్ళు.

ఒక్క నిమిషం ఆగుదాం అనుకుంది. ఈలలు తగ్గనీ, పాట ఆగనీ, ఇప్పుడు తీస్తే వీళ్ళని అరవైవేలమంది తిడతారు, నేను వాళ్ళని కాపాడుతున్నాను. అలా అని తనకి తనే చెప్పుకుంది. మనసుకి అబద్ధం చెప్పడం మొదలుపెడితే అది ఎంత బాగా వింటుందో! ఒక నిమిషం రెండైంది. ఎడమ పక్క తాడు పట్టుకున్నవాళ్ళు, ఈవిడ మర్చిపోయిందనుకుని లాగడం మొదలుపెట్టారు. "ఆగండి! నేను ఊదలేదు!" అని అరిచింది ఓక్జు. కుడి పక్కవాళ్ళు ఆమె విజిల్ కోసం చూస్తూ గట్టిగా పట్టుకునే ఉన్నారు. జెండా ఆ మూల నలిగి, మళ్ళీ సాగింది. దానికింద పాట ఆగిపోయింది. దాని బదులు పేరు వినిపించింది. "అక్కా! అక్కా!" అని ఎవరో పిలుస్తున్నారు. గుడ్డ మందంగా ఉండటం వల్ల ఆ గొంతు అన్నదో తమ్ముడిదో ఆమెకి తెలియలేదు.

మ్యాచ్ మొదలైంది. గార్డులు రెండు పక్కలా మెట్లెక్కారు. అది చూశాక ఓక్జు విజిల్ ఊదింది. జెండా జారేసరికి ఏడు నిమిషాలైంది. నల్లగుడ్డ నిటారుగానే నిలబడి ఉంది, పదహారు ముక్కలూ కలిసే ఉన్నాయి. పక్కనే గార్డులూ ఉన్నారు. దాన్ని మడిచి తీసుకుపోవడానికి వాళ్ళకి అర నిమిషం పట్టలేదు. కెమెరా అప్పటికి బంతి వెనక పోయింది. ఇన్నేళ్ళూ మైదానానికి వీపు పెట్టి దల్సు మొహమే చూసిన ఓక్జు, ఆ రోజు జనానికి వీపు పెట్టి మైదానం వైపు తిరిగింది. మ్యాచ్ అయ్యేదాకా వెనక్కి తిరగలేదు.

మర్నాడు పేపర్లో జెండా ఫోటో పడింది. ఏడు నిమిషాలు దించకుండా నిలబెట్టిన అభిమానుల పట్టుదలని మెచ్చుకుంటూ రెండు ముక్కలు రాశారు. సోక్బే ఆ కాగితం కత్తిరించి గోడకి అంటించబోతే, ఓక్జు ఎన్నడూ లేనిది అతనిమీద కేక వేసింది. దల్సు ఆరుసార్లు ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? మూడోరోజున పెద్దలు కూర్చుని సరే అన్నారు. టీవీలో ఆ గుడ్డ కనిపించినా వాళ్ళు సరే అనేవారేమో. అనేవారే. కానీ కొంపపోయేటప్పుడు మనిషికి ఒక కేక వేసే హక్కయినా ఉంటుంది. ఆ కేక నోరు ఆమె మూసింది, తన చేత్తో కుట్టిన జెండాతోనే మూసింది.

విజిల్ ఎవరికో ఇచ్చేసింది. ఆ వేసవి ప్రపంచ కప్పు ఒక్క మ్యాచ్ చూడలేదు. ఊళ్ళో పచ్చ కండువా కనిపిస్తే వీధి మారేది. బాయిలర్ పాడైతే బజారు అవతలి చివరి నుంచి వేరేవాణ్ణి పిలిపించుకునేది. తొమ్మిదేళ్ళు కర్టెన్లే కుట్టింది. ఒక్కోసారి మిషను ఆపి, గుండెమీద చెయ్యి వేసుకుని ఆలోచించేది, ఆ రోజు తను ఎవరికి భయపడిందని. ఆ ఈలలకా? కాదు. గార్డులకా? కాదు. దేశం మీద ప్రేమా? ఆ ప్రేమ నిజమే, కానీ చెయ్యి ఆపింది అది కాదు. ఆమెకి ఆ రోజు తనవాళ్ళంటే సిగ్గేసింది. అంతే. అరవైవేలమంది ముందు, వాళ్ళు నావాళ్ళు అని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఈ మాట దగ్గరికొచ్చేసరికి మళ్ళీ మిషను తిప్పేసేది.

ఈలోగా ఆ రెండువందలమందీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఇంటికింత వేసుకుని తామే ఒక క్లబ్బు పెట్టారు, అన్నిటికన్నా కింది లీగులో. ఆటగాళ్ళలో సగం పగలు గిడ్డంగుల్లో పనిచేసేవాళ్ళు. పేరు మాత్రం నీటికాకులే. ఓక్జుకి ఇదంతా తెలుసు. తొమ్మిదో ఏట, ఒక శనివారం మధ్యాహ్నం, ఎందుకో ఆమెకే తెలియదు, టిక్కెట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. గోలు వెనక్కి కాదు, ఎండ పడని పక్క స్టాండులో, ఎవరూ కూర్చోని వరసలో కూర్చుంది. దూరంగా డోలు. దల్సు జుట్టు సగం తెల్లబడింది. పక్కన తాళం లేదు, మన్సూ లేడు.

సగం ఆట అయ్యాక కాఫీ మిషను దగ్గర వెనకనుంచి గొంతు వినిపించింది.

"అక్కా?"

ఆమె తిరిగింది. పారిపోయే వయసు కాదు, పారిపోయే చోటూ లేదు.

"బతికే ఉన్నావన్నమాట," అన్నాడు దల్సు. నవ్వుతున్నాడు. అతను నవ్వుతాడని ఆమె ఈ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఊహించలేదు. "మీ వీధిలో ఎన్ని బాయిలర్లు బాగుచేశాననుకున్నావు? నీ ఇంటి గడప ఒక్కటే తొక్కనివ్వలేదు నువ్వు."

"నువ్వు... నాతో మాట్లాడతావనుకోలేదు."

"ఎందుకు మాట్లాడను? తాడు చిక్కుకుంటే నువ్వేం చేస్తావక్కా? దానికి తొమ్మిదేళ్ళు మొహం చాటేస్తారా ఎవరైనా?"

"తాడా?"

"ఆ రోజు జెండా తాడు. ఎడమపక్క లాగుతున్నారు, కుడిపక్క రావట్లేదు. కిందనుంచి మాకు తెలుస్తూనే ఉంది. నువ్వు అరుస్తున్నావు కూడా, విన్నాం. పాపం అక్క తంటాలు పడుతోంది అనుకున్నాం. చేతులెత్తి పట్టుకునే నిలబడ్డాం, బరువుకి నీ కుట్లు ఊడిపోతాయేమోనని. భుజాలు పోయాయనుకో."

ఓక్జు మిషనులోంచి కాగితం కప్పు అందుకుంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది. "మన్సు రాలేదా?"

దల్సు నవ్వు పోయింది. "వాడు నాతో లేడక్కా. ఆ రోజునుంచీ లేడు."

"ఏమైంది?"

"నల్లగుడ్డకి పనికొస్తుందని వాడు కత్తెర తెచ్చుకున్నాడు. నాలుగో నిమిషమో ఐదో నిమిషమో, జెండా కోసేద్దాం, కోసి గుడ్డ పైకి పెడదాం అన్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. అక్క కుట్టింది, కోయడానికి వీల్లేదు, తను తీసేస్తుంది ఆగు అన్నాను. మావాళ్ళంతా నా మాట మీదే ఆగారు. వాడు వినలేదు. వాడు ఒక మాట అన్నాడు నీ గురించి. అనకూడని మాట. లాగి చెంపమీద కొట్టాను, అందరిముందూ, ఆ జెండా కిందే. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను, ఎన్నడూ చెయ్యెత్తలేదు. ఆ వారమే సామాను సర్దుకుని పోయాడు. ఓడలు కట్టే చోట పనికి కుదిరాడని ఎవరో అన్నారు."

"ఏమన్నాడు?" అంది ఓక్జు. ఆమెకి తెలిసిపోయింది, అయినా అడిగింది.

"వదిలేయ్ అక్కా. చిన్నవాడు, దుడుకు."

"చెప్పు దల్సు."

"తాడూ లేదు ఏమీ లేదు, అక్క కావాలనే తీయట్లేదు, అన్నాడు."

ఒక్క తల ఊపితే సరిపోయేది. పోనీలే, కుర్రతనం అంటే సరిపోయేది. దల్సు ఆమెని తీసుకెళ్ళి ఆ రెండువందలమంది మధ్యలో కూర్చోబెట్టేవాడు, ఎవరో ఒకరు చిరిగిన బ్యానరు తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. తొమ్మిదేళ్ళుగా ఆమె కోరుకున్నది అదే. అది ఒక్క అబద్ధం దూరంలో ఉంది. ఓక్జు కప్పు కిందపెట్టింది.

"ఏ తాడూ చిక్కుకోలేదు. విజిల్ నా నోట్లోనే ఉంది. నేను ఊదలేదు."

దల్సు అర్థం కానట్టు చూశాడు.

"మీరు పాడుతుంటే, వాళ్ళు తిడుతుంటే, నాకు మీరంటే సిగ్గేసింది దల్సు. అందుకని తీయలేదు. మన్సు చెప్పింది నిజం."

మైదానంలో రిఫరీ రెండో సగం మొదలుపెట్టాడు. గోలు వెనకనుంచి ఎవరో "దల్సన్నా! డోలు!" అని కేక వేశారు. మరోసారి వేశారు. అతను కదల్లేదు. ఆమెని తిట్టలేదు. ఇన్నేళ్ళు చదివిన ఆ మొహంలో ఆమెకి అప్పుడు ఏమీ చదవడం చేతకాలేదు. అతను జేబులోంచి ఫోను తీశాడు. తెరమీద పేర్ల వరస పైకీ కిందికీ జరిపాడు, చాలాసేపు జరిపాడు. తరవాత చెయ్యి దించేశాడు.

"వాడి నంబరు కూడా లేదక్కా నా దగ్గర," అన్నాడు.